తప్పు కాదు, సున్నా

ఆయన పోయిన రోజున గేట్ బజార్లో ట్యూషన్ సెంటర్లన్నీ మూసేశారు. ఆయనే బతికి ఉంటే మూయనిచ్చేవాడు కాదు. మా రోజుల్లో ఎవరో పెద్దమనిషి పోయారని బజారంతా కొట్లు కట్టేస్తే, "పోయినోడి కోసం మనం క్లాసు మానేస్తే ఆడు లేసొస్తాడేటి? రాసుకోండి" అని సూత్రాలు చెప్పించిన మనిషి.

మర్నాడు ఆయన మేనల్లుడు ఫోన్ చేశాడు. సంస్మరణ సంచిక వేస్తున్నారట. "మీరు మావయ్య కాడ సదువుకున్నారు, ఇప్పుడు కాలేజీలో లెక్కలే సెప్తన్నారు. ఆయన గురించి మంచి మాట రాసివ్వండి మేడమ్" అన్నాడు. కూర్చుని ఆలోచించాను. ఒక మంచి మాట దొరికింది. చేతిరాత బాగుంటుంది. దాన్ని ఒక పేజీకి సాగదీయడం నావల్ల కాలేదు. నన్ను వదిలేయమని చెప్పేశాను.

పోయినవాళ్ళని ఏమీ అనకూడదంటారు. ఈయన బతికున్నప్పుడూ ఎవరినీ ఏమీ అననివ్వలేదు. మరింక అనడం ఎప్పుడు?

బరంపురంలో ప్లస్ టూ చదివే పిల్లలకు లెక్కల మాస్టారంటే ఆయనే. గేట్ బజార్లో ఒక బట్టల కొట్టు మీద పొడుగాటి హాలు అద్దెకు తీసుకుని ట్యూషన్ చెప్పేవాడు. కింది నుంచి కొత్త చీరల గంజివాసన వచ్చేది. ఒడియా పిల్లలూ తెలుగు పిల్లలూ ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. పాఠం మూడు భాషల్లో నడిచేది. లెక్క ఇంగ్లీషులో, తిట్టు తెలుగులో, "బుఝిలా?" ఒడియాలో. అర్థమైందా అని ఆ మాటకు అర్థం. బోర్డు మీద ప్రతి వరస చివరా అడిగేవాడు. ఎవరైనా ఏం చెబుతారో అని మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

తెల్ల చొక్కా, మడత నలగని పంట్లాము. చాక్‌పీసు దూర్చుకునే ఇత్తడి గొట్టం ఒకటి జేబులో ఉండేది. వేళ్ళకు సుద్ద అంటడం ఆయనకు గిట్టదు. బోర్డు తుడవడం ముందు బెంచీ వాళ్ళ పని. తుడిచాక ఆయన దగ్గరగా వచ్చి బోర్డును ఒక మూల నుంచి ఇంకో మూలకు చూసేవాడు, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు. ఎక్కడైనా పాత గీత కనబడితే మళ్ళీ తుడిపించేవాడు. అప్పుడు మొదలయ్యేది రాత. ఆ అక్షరాలు అచ్చులో పోసినట్టుండేవి. నేను మేనల్లుడికి చెప్పని మంచి మాట అదే.

మాస్టారి నాన్నకు బడా బజార్లో పచారీ కొట్టు ఉండేదట. ఆ కొట్టు ఆయన బుర్రలోంచి ఎప్పుడూ బయటికి రాలేదు. గణితం కూడా ఆయన లెక్కలో డబ్బాల వరసే. ఆల్జీబ్రా ఒక డబ్బా, జామెట్రీ ఒక డబ్బా, కాలిక్యులస్ ఇంకో డబ్బా. ఒక రోజు మూత తీసిన డబ్బా ఆ రోజంతా అదే. "పసుపు డబ్బాలో సేయెట్టి కారం తీస్తావేటి? ఏ సరుకు ఆ డబ్బాలోనే ఉండాలి" అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. చమత్కారంగా ఉందనే అనుకున్నాం.

ఆయనకు అసలు పడని మాట ఒకటుంది. ఎందుకు. ఎవరైనా లేచి ఇది ఎందుకిలా వచ్చింది సార్ అంటే, మొహంలో ఏమీ కదలకుండా భుజాలు మాత్రం ఎగరేసి, చప్పుడు లేకుండా నవ్వేవాడు. తరవాత క్లాసు వైపు తిరిగి, "సూడండి, సైంటిస్టు గారు లేసినారు" అనేవాడు. "ఎందుకన్నది ఫిలాసఫీ వాళ్ళ కాడికెల్లి అడుగు. ఇక్కడ ఎలాగ అన్నదే సెప్తాను." ఆ 'ఎలాగ' చాలామందిని పరీక్ష గట్టెక్కించింది, ఒప్పుకుంటాను. ఈ ఊరి ఇంజనీర్లలో సగం మంది ఆయన చేతిలోంచి వెళ్ళినవాళ్ళే. వాళ్ళలో ఎవరినైనా ఆపి, వృత్తం వైశాల్యం సూత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగి చూడండి. భుజాలు ఎగరేస్తారు.

మా బ్యాచిలో నూకాలు అని ఒక పిల్ల ఉండేది. రంభ నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చేది. వాళ్ళ నాన్నది చేపల వ్యాపారం. చిలిక సరస్సులో దొరికిన రొయ్యలు ఐసు పెట్టెల్లో వేసి బరంపురం పంపేవాడు. నూకాలు సన్నగా, కొంచెం వంగి నడిచేది. మాట తక్కువ. కానీ లెక్క ఇవ్వగానే పెన్ను పక్కన పెట్టేసి కిటికీలోంచి చూసేది. మేమంతా గబగబా రాసేస్తూ ఉంటే ఆ పిల్ల ఎదురు మేడ మీద ఆరబెట్టిన అప్పడాల వంక చూస్తూ ఉండేది. కాసేపటికి ఒక చిన్న బొమ్మ గీసి, కింద జవాబు రాసి ఊరుకునేది.

ఒకసారి రెండు సంఖ్యల సగటు, ఆ రెంటి లబ్ధం వర్గమూలం కన్నా ఎప్పుడూ తక్కువ కాదని మాస్టారు బోర్డంతా నింపి రుజువు చేశాడు. నూకాలు నా కాగితం మీద అర్ధవృత్తం గీసింది. ఆ రెండు సంఖ్యలనీ పక్కపక్కన పెడితే వచ్చే గీత మీద అర్ధవృత్తం. సగటంటే దాని వ్యాసార్ధం. ఆ రెండూ కలిసిన చోట నిలువుగా లేచే గీత వర్గమూలం. "ఇది దానికన్నా ఎత్తెలాగవుద్దే?" అంది నా చెవిలో. ఆ గీత వ్యాసార్ధాన్ని మించదని చిన్నపిల్లలకైనా కనిపిస్తుంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆల్జీబ్రా అని చెప్పిన సంగతి వృత్తంలో కూర్చుని ఉంది. డబ్బాల మధ్య గోడలు లేవని నాకు తెలిసింది ఆ పూటే. చెప్పింది మాత్రం జీతం తీసుకునే మాస్టారు కాదు.

అసలు కథ ఆ తరవాత జరిగింది. ఆ రోజు కాలిక్యులస్ డబ్బా మూత తీశాడు. ఒక లెక్క ఇచ్చాడు. రెండు వర్గమూలాల మొత్తం, అందులో మనకు తెలియని x ఒకటి, ఆ మొత్తం అన్నిటికన్నా ఎంత తక్కువ కాగలదో కనుక్కోవాలి. అవకలనం చేశాడు. వర్గం చేశాడు. మళ్ళీ వర్గం చేశాడు. బోర్డు నిండిపోయింది. మధ్యలో ఎక్కడో గుర్తు తప్పిపోయి వెనక్కి వెళ్ళాడు. ఇత్తడి గొట్టంలో చాక్‌పీసు అరిగిపోయింది. అప్పుడు నూకాలు లేచింది.

"సార్, అది పదమూడే గదా."

"ఎలాగ?"

"బొమ్మేసి సూపిస్తాను సార్."

ఏ కళనున్నాడో, రమ్మన్నాడు. ఆ పిల్ల బోర్డు అంచున మిగిలిన కాస్త చోటులో అడ్డంగా ఒక గీత గీసింది. "ఇది గట్టనుకోండి. ఇటుపక్క నీళ్ళు, అటుపక్క ఊరు. ఒక ఇల్లు గట్టుకి రెండు దూరంలో ఉంది, ఇంకో ఇల్లు మూడు దూరంలో ఉంది. రెండిళ్ళకీ అడ్డంగా పన్నెండు. మొదటి ఇంట్లోంచి బయలెల్లి, గట్టు మీద ఎక్కడో ఒకచోట కాళ్ళు తడుపుకుని, రెండో ఇంటికెల్లాలి. దగ్గర దారి ఎంతని అడుగుతన్నారు. ఈ రెండు వర్గమూలాలూ ఆ దారి రెండు ముక్కలే."

మేం ఎవరమూ అంతవరకు ఆ వర్గమూలాలను దారులుగా చూడలేదు.

"రెండో ఇంటి నీడ నీళ్ళల్లో కనబడతాది గదా. నీళ్ళల్లో ఇంటికే తిన్నగా గీత గీసేస్తే సరి. అడ్డంగా పన్నెండు, కిందికి రెండూ మూడూ ఐదు. పన్నెండూ ఐదూ అయితే మూల గీత పదమూడు."

ఒక ఒడియా కుర్రాడు "ఆరే!" అన్నాడు గట్టిగా. ఆ 'ఆరే'తోనే నూకాలు పని అయిపోయిందని ఇప్పుడు అనుకుంటాను. మాస్టారు ఆ గీతల వంక చాలాసేపు చూశాడు. తరవాత డస్టరు తనే తీశాడు. మొదటిసారి, తన చేత్తోనే ఆ మూల తుడిచేశాడు.

"ఇది కాలిక్యులస్ క్లాసమ్మా. ఇక్కడ జామెట్రీ అమ్మబడదు. పరీచ్చలో ఇలగ రాస్తే సున్నా."

"తప్పా సార్?"

"తప్పని నానన్లేదు. సున్నా అన్నాను."

భుజాలు ఎగిరాయి. క్లాసు నవ్వింది. పిల్లలు నవ్వడానికి కారణం అక్కర్లేదు, పెద్దవాడు భుజాలు ఎగరేస్తే చాలు.

ఆ రోజు నుంచి ఆయన ఆ పిల్లను పేరు పెట్టి పిలవలేదు. బొమ్మలమ్మ అనేవాడు. హాజరు పిలిచినప్పుడు బొమ్మలమ్మ, కాగితాలిచ్చినప్పుడు బొమ్మలమ్మ. వారాంతపు పరీక్షల్లో ఆ పిల్ల జవాబులన్నీ సరిగ్గా ఉండేవి, పక్కన పెద్ద గుండ్రటి సున్నా ఉండేది. ఆ సున్నా కూడా చక్కగా ఉండేది, పాపం. చేతిరాత బాగుంటుందని చెప్పాను కదా.

చివరికి వాళ్ళ నాన్నకు కబురు పంపించాడు. ఆయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, చెప్పులు కిందనే విడిచి మెట్లెక్కి వచ్చాడు. బ్యాచి వదిలిపెట్టాక నేను నూకాలుతో ఆగిపోయాను.

"బాబూ, మా అమ్మి ఎలగ సదువుతోందండి?"

"మీ అమ్మికి లెక్కలు రావయ్యా. బొమ్మలొస్తాయి. బొమ్మలకి నా కాడెందుకు? డ్రాయింగు మాస్టారి కాడ ఎయ్యి. లేపోతే ఇంటికాడ ఉంచు."

"సున్నాలేనా బాబూ?"

"సూస్కో." కాగితాలు చేతికిచ్చాడు.

నూకాలు నాన్నకు ఇంగ్లీషు రాదు, సున్నా వచ్చు. ఒక్కొక్క కాగితం తిప్పి చూశాడు. నూకాలు, "నాన్నా, ఆన్సర్లు రైటే. ఆయన్నే అడుగు, తప్పని అనమను" అంది. ఆయన కూతుర్ని కసిరాడు. "నోర్ముయ్యే. అంత పెద్దాయన అబద్దమాడతాడేటి?" మాస్టారికి దండం పెట్టి, "తవరు సెప్పిందే మాట" అని ఆ పిల్లను వెంటబెట్టుకుని దిగిపోయాడు. మాస్టారు జేబురుమాలుతో ఇత్తడి గొట్టం తుడుచుకుంటున్నాడు.

నూకాలు రంభలో ఉండిపోయింది. వాళ్ళమ్మ బతిమాలగా బతిమాలగా పరీక్ష మటుకు రాయనిచ్చారు. మా నాన్న రైల్వేలో పని చేసేవాడు కాబట్టి నాకు బండి ఎక్కడం సులువు. ఆదివారాలు రంభ వెళ్ళేదాన్ని. గట్టున పడవలు బోర్లించి ఉండేవి. వాటి మీద కూర్చుని లెక్కలు చేసేవాళ్ళం. నేను మాస్టారి డబ్బాలు మోసుకువెళ్ళేదాన్ని, ఆ పిల్ల మూతలు తీసి అన్నీ ఒకచోట కలిపేసేది.

ఒక ఆదివారం నేను వెళ్ళడం ఆలస్యమైంది. స్టేషన్లో కాసేపు చూసి నూకాలు వెళ్ళిపోయింది. గట్టు దగ్గర పట్టుకుంటే కోపగించుకోలేదు. "ఇద్దరం ఒక గంటలో ఎప్పుడో ఒకప్పుడు వస్తాం. ఎవులొచ్చినా పావుగంట సూసి ఎల్లిపోతాం. కలుస్తామా కలవమా అన్నది ఎంత?" అని అడిగింది. సంభావ్యత అంటే నాకు పాచికలు, రంగు బంతులు. గంటలో ఉన్న క్షణాలను ఎలా లెక్కపెట్టేది? ఆ పిల్ల తడి ఇసుకలో చతురస్రం గీసింది. ఒక అంచు నా గంట, ఇంకో అంచు తన గంట. మూల నుంచి మూలకు అడ్డంగా ఒక పట్టీ. పట్టీలో పడితే కలుస్తాం, బయట పడితే కలవం. పట్టీ వైశాల్యం కొలిచింది. "పదహారింట ఏడు. సగం కన్నా తక్కువేనే. ఇకమీద అరగంట ఆగుదాం" అంది. ఆ సంగతి ఇప్పుడు నేను నా క్లాసులో చెబుతాను. చెప్పిన ప్రతిసారీ గదిలో ఎవరో ఒకరి ముఖం వెలుగుతుంది. గేట్ బజార్ హాల్లో నేనున్నంత కాలం అలా వెలిగిన ముఖం చూడలేదు.

నూకాలు పాసైంది. డిగ్రీ చేసింది, పైకి చదివింది. ఇప్పుడు భువనేశ్వర్‌లో ఒక కాలేజీలో గణితం చెబుతోంది. వాళ్ళ నాన్న మాత్రం మారలేదు. కూతురికి కాలేజీలో ఉద్యోగమని ఆయనకు గర్వమే. ఐసు పెట్టెల దగ్గర ఎవరైనా అడిగితే, "మా అమ్మి కాలేజీలో బొమ్మలు నేర్పతాది" అనేవాడు. లెక్కలు నాన్నా అని నూకాలు చెబితే, నవ్వి, "నీకు లెక్కలు రావని సారే సెప్పినారు గదే" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. పోయేదాకా అదే అన్నాడు.

ఈలోగా కాలం మారింది. పెద్ద పరీక్షలన్నీ టిక్కు పెట్టే పరీక్షలయ్యాయి. పద్ధతి ఎవరికీ అక్కర్లేదు, జవాబు త్వరగా రావాలి. మాస్టారు కూడా మారాడు. తెల్ల చొక్కా మీద కోటు వచ్చింది, బోర్డు ఫోన్లలోకి వచ్చింది. ఒకరోజు నా విద్యార్థి ఎవరో ఒక వీడియో పంపాడు. 'మేజిక్ మెథడ్' అని పైన పెద్ద అక్షరాలు. అదే లెక్క. అవే రెండు వర్గమూలాలు. మాస్టారు అడ్డంగా ఒక గీత గీసి, రెండు కర్రలు నిలబెట్టి, రెండో కర్రను కిందికి తిప్పి, పదమూడు అన్నాడు. "ఏళ్ళ తరబడి తపస్సు సేసి కనిపెట్టినాను. బుఝిలా?" అన్నాడు. అప్పట్లో సున్నా పెట్టిన సరుకుకు బజార్లో ధర పలికింది, అంతే. పచారీ కొట్టు రక్తం ఊరికే పోదు.

నేను మండిపడుతూ ఆ వీడియో నూకాలుకు పంపాను. తను చూసి తిరిగి ఒక్క ముక్క రాసింది. "కర్ర తిప్పినాడు గానీ ఎందుకు తిప్పినాడో సెప్పలేదు."

ఆయనను నేను చివరిసారి చూసింది మా కాలేజీలోనే. ప్లస్ టూ పిల్లల కోసం ఒక రోజంతా లెక్కల పండగ పెట్టాం. ఒక లెక్కను ఎన్ని వైపుల నుంచి చూడవచ్చో పిల్లలకు చూపించాలని నా కోరిక. నూకాలును మాట్లాడమని పిలిచాను. ముఖ్య అతిథిగా ఆయన్నే పిలవాలని మా ప్రిన్సిపాలు పట్టుబట్టారు. ఆయన పేరుంటేగానీ హాలు నిండదట. నిండింది కూడా.

ఆయన వచ్చాడు, ముసలితనం కోటులో వదులుగా ఉంది. పూలదండ వేయించుకున్నాడు. బోర్డు దగ్గరికి వెళ్ళి మేజిక్ మెథడ్ చేసి చూపించాడు. చప్పట్లు. అప్పుడు వెనక నుంచి రెండు జడల పిల్ల ఒకతె లేచింది. అదే లెక్కలో కూడిక కాకుండా తీసివేత ఉంటే, ఆ తేడా అన్నిటికన్నా ఎంత పెద్దది కాగలదని ఒడియాలో అడిగింది.

ఆయన తొణకలేదు. మళ్ళీ కర్ర తిప్పాడు. "అదే పదమూడు."

"కాదు సార్. నేను ఏ అంకె వేసి చూసినా పన్నెండు దాటి కాస్త పైనే ఆగిపోతోంది. పదమూడు రావట్లేదు."

"మళ్ళా ఎయ్యి."

"వేశాను సార్. కర్ర ఎందుకు తిప్పాలి?"

భుజాలు ఎగురుతాయని ఎదురుచూశాను. ఎగరలేదు. ఆయన బోర్డు వంక చూశాడు, గడియారం వంక చూశాడు, "టీ టైమయింది" అన్నాడు. ముఖ్య అతిథి అన్నాక టీ టైమే. అందరూ లేచారు.

నేనూ నూకాలూ పక్కగదిలో ఆయనకు టీ ఇచ్చాం. తాగలేదు. వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. నూకాలును కార్యక్రమంలో మాట్లాడబోయే లెక్చరరుగా ఎరుగును, అంతే. బొమ్మలమ్మను గుర్తుపట్టలేదు.

"అమ్మా, ఈ లెక్క నాదే. నానే కనిపెట్టినాను. గానీ ఆ కర్ర ఎందుకు తిప్పాలో..." అని ఆగాడు. "తిప్పితే వస్తాది. అది తెల్సు. ఎందుకొస్తాదో సెప్తావేటి?"

నేను నోరు తెరవబోయాను. నూకాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బల్ల మీదున్న కాగితం తీసి అడ్డంగా గీత గీసింది, రెండు చుక్కలు పెట్టింది.

"ఇది గట్టు సార్. ఇవి ఇళ్ళు. రెండో ఇంటి నీడ నీళ్ళల్లో ఉంది. గట్టు మీద ఎక్కడ నిలబడినా, నిజం ఇల్లెంత దూరమో నీడ ఇల్లూ అంతే దూరం. అందుకని నీడకెల్లినా దారి పొడుగు మారదు. కాపోతే వంకర దారి తిన్నగా సేసుకోవచ్చు."

ఆయన కాగితాన్ని గీత మీద మడిచి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఒక చుక్క వెనక ఇంకో చుక్క కనబడింది. విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"మరి తేడాకి?"

"తేడాకి తిప్పక్కర్లేదు సార్. త్రిభుజంలో రెండు భుజాల తేడా మూడోదాన్ని దాటదు. ఆ మూడో భుజం ఇంటికీ ఇంటికీ మధ్య దూరం. అడ్డంగా పన్నెండు, పైకి ఒకటి. అందుకే పన్నెండు దాటి కాస్త."

"అంతేనా?" అన్నాడు. మళ్ళీ, "అంతేనా?" అన్నాడు. కాగితం విప్పి ఆ రెండు చుక్కలనీ వేలితో కలిపి చూశాడు. నాకు జాలి కలగాలి కాబోలు. కలగలేదు. పాఠం చెప్పి బతికిన మనిషి జీవితమంతా గది బయట నిలబడి, లోపలికి వెళ్ళినవాళ్ళను తిట్టాడన్నమాట. 'ఎందుకు' అంటే భయపడేవాడని అప్పుడు తెలిసింది. భయమున్నవాళ్ళు భయపడొచ్చు, ఎవరూ కాదనరు. పక్కవాళ్ళకు సున్నాలు పెట్టక్కర్లేదు.

"ఇలాటివి ఇంకా ఉన్నాయేటమ్మా?"

"అన్నీ ఇలాటివే సార్."

ఆయన ఆ మాట విన్నాడో లేదో. "ఎవరి కాడ నేర్సుకున్నావు?" అన్నాడు.

నూకాలు నా వంక చూసింది. "మీ ట్యూషన్లో కొన్నాళ్ళు కూకున్నాను సార్."

"మరింకేటి!" ముఖం విప్పారింది. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని తలుపు తీశాడు.

వేదికెక్కాడు. రెండు జడల పిల్లను లేపి, గట్టు, ఇళ్ళు, నీడ, త్రిభుజం, అన్నీ చెప్పాడు. తప్పు లేకుండా చెప్పాడు, పుట్టినప్పటి నుంచి తెలిసినట్టే చెప్పాడు. చప్పట్లు మోగాయి. ఆ ఊపులో నూకాలును పైకి పిలిచాడు. తనకు కప్పిన శాలువ తీసి ఆమెకు కప్పాడు. "ఈ అమ్మాయి నా శిష్యురాలు. నానే తయారు సేసినాను" అన్నాడు మైకులో. మళ్ళీ చప్పట్లు.

నూకాలు శాలువ సర్దుకుంది. మైకు అందుకుంది. ముందు ఒడియాలో చెప్పింది.

"నాకు లెక్కలు రావని సార్ మా నాన్నతో చెప్పారు. మా నాన్న చనిపోయేదాకా అదే నమ్మాడు."

హాలంతా నవ్వింది. గురువు గారి ముద్దు తిట్టు అనుకున్నారు. ఆ మాటే తెలుగులో చెప్పింది. తెలుగు పిల్లలు ఇంకోసారి నవ్వారు. గురువు తిట్టే దీవెన అని మా ప్రిన్సిపాలు పక్కవారితో అన్నారు. నూకాలు నవ్వలేదు. మైకు పెట్టేసి, చాక్‌పీసు తీసుకుని బోర్డు వైపు నడిచింది. తరవాతి గంట తనదే.

మాస్టారు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. అందరితోపాటు ఆయనా నవ్వుతున్నాడు. కాసేపటికి నవ్వు ఆగింది. నావైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"నిజంగానే అన్నానేటి?"

"అన్నారు."

"ఏ లెక్కకి?"

"దీనికే సార్."

ఆయన చెయ్యి కోటు జేబు మీదికి వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. బోర్డు వైపు తిరిగాడు. అక్కడ నూకాలు పాత గీతలన్నీ తుడిచేసి అప్పటికే ఇంకో లెక్క మొదలుపెట్టింది.